రెండు అద్దాల మధ్య శూన్యం: కాసిమిర్ బలం

రెండు లోహపు పలకలు తీసుకోండి. వాటిని అద్దంలా మెరుగుపెట్టి, వాటి మీద విద్యుదావేశం ఏమాత్రం లేకుండా చేసి, గాలి పూర్తిగా తీసేసిన పాత్రలో ఒకదానికొకటి ఎదురుగా, సమాంతరంగా నిలబెట్టండి. వాటి మధ్య దూరం ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మీరు ఇంతవరకు చదివిన భౌతికశాస్త్రం ప్రకారం ఈ పలకల మధ్య, లెక్కలోకి రానంత స్వల్పమైన గురుత్వాకర్షణ తప్ప, మరే బలమూ ఉండకూడదు. ఆవేశం లేదు. అయస్కాంతత్వం లేదు. ఇటూ అటూ నెట్టడానికి గాలి అణువులు కూడా లేవు. అయినా ఆ పలకలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. ఈ ఆకర్షణను 1948లో సిద్ధాంతరీత్యా చెప్పినవాడు డచ్ శాస్త్రవేత్త హెండ్రిక్ కాసిమిర్. ఆ తరవాత దాన్ని ప్రయోగశాలల్లో కొలిచారు కూడా.

చాలా ఏళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతిలో ఈ విషయం చెబుతుంటే, వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి లేచి, "అయితే శూన్యంలోంచి కరెంటు తీయొచ్చా సార్?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు కారణంతో సహా జవాబు చెప్పాలంటే ఈ విషయం మొత్తం అర్థమై ఉండాలి. ఆ రోజు నేను "వీలుకాదు" అని మాత్రమే చెప్పి ఊరుకున్నాను, గంట అయిపోయింది కాబట్టి. ఆ బాకీ ఇక్కడ తీరుస్తాను. అంతవరకు ఆ ప్రశ్నను మీరూ మనసులో ఉంచుకోండి.

ఖాళీ అంటే ఏమిటి?

సరళ హరాత్మక డోలకాన్ని క్వాంటం యాంత్రికశాస్త్రం ప్రకారం సాధించినప్పుడు వచ్చిన ఫలితాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. డోలకం శక్తి స్థాయిలు సున్న దగ్గర మొదలుకావు. అన్నిటికన్నా కింది స్థాయిలో, అంటే భూస్థాయిలో కూడా, హెచ్‌బార్‌ను కోణీయ పౌనఃపున్యంతో గుణించి అందులో సగం తీసుకుంటే ఎంతవుతుందో అంత శక్తి మిగిలి ఉంటుంది. (హెచ్‌బార్ అంటే ప్లాంక్ స్థిరాంకాన్ని 2పైతో భాగిస్తే వచ్చే విలువ.) దీన్నే శూన్యబిందు శక్తి అంటారు. దీనికి కారణం అనిశ్చితత్వ సూత్రం. లోలకం గుండు సరిగ్గా మధ్య బిందువు దగ్గర, సరిగ్గా సున్న వేగంతో ఉండాలంటే దాని స్థానం, ద్రవ్యవేగం రెండూ ఒకేసారి ఖచ్చితంగా నిర్ణయమై ఉండాలి. అది సాధ్యం కాదు.

ఇప్పుడు ఇంకొక మెట్టు ఎక్కాలి. ఒక పెట్టెలోని విద్యుదయస్కాంత క్షేత్రాన్ని అనేక కంపన రీతులుగా విడదీయవచ్చు. ఒక్కొక్క రీతికి ఒక్కొక్క పౌనఃపున్యం ఉంటుంది. గణితం దృష్ట్యా ప్రతి రీతీ ఒక సరళ హరాత్మక డోలకమే. డోలకంలో స్థానం, ద్రవ్యవేగం పోషించే పాత్రను ఇక్కడ విద్యుత్ క్షేత్రం, అయస్కాంత క్షేత్రం పోషిస్తాయి. పెట్టెలో వెలుతురు లేదు, వేడి లేదు, ఒక్క ఫోటాన్ కూడా లేదు అంటే అర్థం క్షేత్రమే లేదని కాదు. ఈ డోలకాలన్నీ తమ భూస్థాయిలో ఉన్నాయని. కాబట్టి క్వాంటం సిద్ధాంతంలో శూన్యం అంటే క్షేత్రం లేకపోవడం కాదు, క్షేత్రపు భూస్థాయి. ఆ స్థితిలో విద్యుత్ క్షేత్రం సగటు విలువ సున్న, దాని వర్గం సగటు మాత్రం సున్న కాదు. శూన్యపు ఒడుదొడుకులు అని పిలిచేది ఈ తేడానే.

ఇక్కడ ఒక హెచ్చరిక. జనరంజక వ్యాసాల్లో శూన్యాన్ని పొయ్యి మీద సలసలా కాగుతున్న ఎసరులా వర్ణిస్తారు. కణాలు బుడగల్లా పుట్టి గిట్టుతుంటాయని రాస్తారు. వినడానికి బాగుంటుంది కాని, భూస్థాయి కాలంతో మారని స్థితి అని మీకు తెలుసు. అందులో కాగడం, చల్లారడం ఏమీ లేదు. అదే స్థితిలో ఉన్న క్షేత్రాన్ని మళ్లీ మళ్లీ కొలిస్తే ఫలితాలు సున్నకు అటూ ఇటూ చెదిరి వస్తాయి. ఒడుదొడుకులు అన్న మాటకు అంతకు మించిన అర్థం ఇవ్వకండి.

పలకలు చేసే పని

వీణ తీగను మీటినప్పుడు గుర్రానికీ, వేలితో నొక్కిన మెట్టుకూ మధ్య ఉన్న భాగమే కంపిస్తుంది. ఆ రెండు చివరలూ అస్పందన బిందువులు. అందువల్ల తీగ పొడవులో అర తరంగదైర్ఘ్యాలు పూర్ణాంకాలుగా ఇమిడే స్థిర తరంగాలు మాత్రమే అక్కడ నిలుస్తాయి. వేలిని పై మెట్లకు జరిపి తీగను పొట్టి చేస్తే అన్ని పౌనఃపున్యాలూ పెరుగుతాయి.

లోహపు పలకలు కాంతికి సరిగ్గా ఇదే పని చేస్తాయి. మంచి వాహకం ఉపరితలం వెంబడి విద్యుత్ క్షేత్రం నిలవలేదు. అక్కడున్న ఎలక్ట్రాన్లు వెంటనే కదిలి దాన్ని సున్న చేస్తాయి. అంటే పలక ఉపరితలం విద్యుత్ క్షేత్రానికి అస్పందన తలం. పలకల మధ్య దూరం ఒక మైక్రోమీటరు అయితే, వాటికి లంబంగా నిలవగల స్థిర తరంగాల్లో అతి పొడవైనదాని తరంగదైర్ఘ్యం రెండు మైక్రోమీటర్లు. బయట మాత్రం అలాంటి నిబంధన లేదు, ఎంత పొడవైన తరంగమైనా ఉండవచ్చు.

ఇప్పుడు తర్కం చూడండి. పలకలను జరిపితే కంపన రీతుల పౌనఃపున్యాలు మారతాయి. ప్రతి రీతికీ దాని పౌనఃపున్యానికి తగిన శూన్యబిందు శక్తి ఉంది. కాబట్టి మొత్తం శూన్యబిందు శక్తి పలకల మధ్య దూరం మీద ఆధారపడుతుంది. దూరంతో పాటు శక్తి మారితే అక్కడ బలం ఉన్నట్టే. స్ప్రింగు విషయంలోనూ, గురుత్వాకర్షణ విషయంలోనూ మీరు ఎరిగిన సూత్రమే ఇది.

అనంతంలోంచి అనంతం తీసివేస్తే

చెప్పడానికి సులువుగా ఉంది కాని, లెక్క వేయబోతే మొదటి అడుగులోనే చిక్కు వస్తుంది. కంపన రీతులకు అంతులేదు. అన్నిటి శూన్యబిందు శక్తులూ కూడితే అనంతం వస్తుంది. పలకల మధ్యా అనంతమే, బయటా అనంతమే. విద్యార్థులు చాలామంది ఇక్కడ పుస్తకం మూసేస్తారు. దయచేసి మూయకండి. కాలిక్యులేటరు తీసుకుని నాతో రండి.

సులువు కోసం వీణ తీగలాంటి ఏకమితీయ ఉదాహరణ తీసుకుందాం. రెండు చివరల మధ్య రీతుల పౌనఃపున్యాలు మొదటిదానికి 1, 2, 3, 4 రెట్లుగా సాగిపోతాయి. కాబట్టి మనకు కావలసిన మొత్తం 1 + 2 + 3 + 4 + ... ఇది అనంతం. అయితే నిజమైన లోహం అన్ని పౌనఃపున్యాల తరంగాలనూ పరావర్తనం చెందించదు. దృశ్యకాంతికి అద్దంలా ఉండే లోహపు రేకు, అధిక శక్తి గల ఎక్స్ కిరణాలకు దాదాపు పారదర్శకం. అంత అధిక పౌనఃపున్యం గల తరంగాలకు పలక ఉన్నా లేనట్టే. కాబట్టి పెద్ద పదాల ప్రాధాన్యం క్రమంగా తగ్గించి కూడడం భౌతికంగా న్యాయమే.

ఇలా చేయండి. మొదటి పదాన్ని 0.904837తోనూ, రెండో పదాన్ని ఆ సంఖ్య వర్గంతోనూ, మూడోదాన్ని దాని ఘనంతోనూ గుణిస్తూ పోండి. (ఈ సంఖ్య ఎక్కడిదంటే, సహజ సంవర్గమానాల ఆధార సంఖ్యను మైనస్ 0.1 ఘాతానికి పెంచితే వచ్చేది.) ఈ శ్రేణి మొత్తం మీరు ఇంటర్మీడియట్‌లో చదివిన సూత్రంతోనే వస్తుంది: ఆ సంఖ్యను, ఒకటిలోంచి ఆ సంఖ్యను తీసివేయగా మిగిలినదాని వర్గంతో భాగించాలి. జవాబు 99.9167.

ఇప్పుడు పలకలు లేవనుకోండి. అప్పుడు పౌనఃపున్యాలు మెట్లుమెట్లుగా కాక అవిచ్ఛిన్నంగా ఉంటాయి కాబట్టి కూడిక బదులు సమాకలనం చేయాలి. ప్రాధాన్యం తగ్గించే పద్ధతి అదే. జవాబు సరిగ్గా 100. తేడా మైనస్ 0.0833. అంటే మైనస్ 1/12.

ఇదేదో కాకతాళీయం అనిపిస్తే, 0.1 బదులు 0.01 తీసుకుని మళ్లీ చేయండి. కూడిక 9999.916667 అవుతుంది, సమాకలనం 10000 అవుతుంది. పెద్ద సంఖ్య నూరు రెట్లు పెరిగింది. తేడా మాత్రం అదే, మైనస్ 1/12. పదాల ప్రాధాన్యం ఎంత నెమ్మదిగా తగ్గించినా, పెద్ద సంఖ్య ఎంత పెద్దదైనా, తేడా చెక్కుచెదరదు.

ఆ పెద్ద సంఖ్య సంగతి ఏమిటంటారా? దాన్ని శక్తిగా మార్చి రాస్తే అది పలకల మధ్య దూరానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే ఖాళీ ప్రదేశంలో ప్రతి మీటరుకూ ఇంత అన్న లెక్క. పలకలను దగ్గరికి జరిపితే లోపల ఎంత తగ్గుతుందో బయట అంతే పెరుగుతుంది. కాబట్టి దానివల్ల బలం రాదు. మిగిలిన మైనస్ 1/12 భాగమే బలానికి మూలం. పలకలు దగ్గరయ్యేకొద్దీ ఆ ఋణశక్తి పరిమాణం పెరుగుతుంది, అందువల్ల పలకలు దగ్గరికి లాగబడతాయి.

ఒకటి నుంచి అనంతం వరకు సంఖ్యలన్నీ కూడితే మైనస్ 1/12 వస్తుందన్న వీడియోలు మీరు చూసే ఉంటారు. తీసివేత దాచి జవాబు మాత్రం చూపించే గారడీ అది. మీరు ఇప్పుడు చేసింది గారడీ కాదు.

సూత్రం, సంఖ్యలు

నిజమైన పలకలకు, అంటే మూడు మితుల్లో, పద్ధతి ఇదే, లెక్క మాత్రం పెద్దది. పరిపూర్ణ వాహకాలైన రెండు సమాంతర పలకల మధ్య ఆకర్షణ పీడనానికి కాసిమిర్ రాబట్టిన సూత్రం:

పీడనం = (పై² ÷ 240) × హెచ్‌బార్ × కాంతివేగం ÷ (దూరం)⁴

ఇందులో 240 కోసం లెక్క చేయక తప్పదు. నాలుగో ఘాతం మాత్రం మితుల విశ్లేషణతోనే వస్తుంది. క్వాంటం సిద్ధాంతం కాబట్టి హెచ్‌బార్ ఉండాలి. విద్యుదయస్కాంత తరంగాలు కాబట్టి కాంతివేగం ఉండాలి. పరిపూర్ణ వాహకానికి సొంత కొలతలేవీ లేవు కాబట్టి మిగిలింది దూరం ఒక్కటే. హెచ్‌బార్, కాంతివేగాల లబ్ధానికి ప్రమాణం జౌల్-మీటరు. దాన్ని పీడనం చేయాలంటే దూరం నాలుగో ఘాతంతో భాగించడం తప్ప వేరే దారి లేదు. ముందుకు వెళ్లే ముందు దీన్ని మీరే ఒకసారి కాగితం మీద సరిచూసుకోండి.

విలువలు ప్రతిక్షేపిస్తే, దూరం 1 మైక్రోమీటరు అయినప్పుడు పీడనం 1.3 × 10⁻³ పాస్కల్. వాతావరణ పీడనంలో దాదాపు ఎనిమిది కోట్లలో ఒక వంతు. దూరం 100 నానోమీటర్లకు తగ్గిస్తే 13 పాస్కల్. 10 నానోమీటర్లకు తెస్తే 1.3 × 10⁵ పాస్కల్, అంటే వాతావరణ పీడనం కన్నా ఎక్కువ. దూరం పదో వంతు అయినప్పుడల్లా బలం పదివేల రెట్లు అవుతోంది. మన గదుల్లో ఈ బలం కనిపించకపోవడానికీ, నానో పరిమాణంలో దీన్ని తప్పించుకోలేకపోవడానికీ కారణం ఆ నాలుగో ఘాతమే. అయితే 10 నానోమీటర్ల విలువను అక్షరాలా నమ్మకండి. అంత దగ్గరలో ఏ లోహమూ పరిపూర్ణ వాహకంలా ప్రవర్తించదు. నిజమైన బలం దీనికన్నా తక్కువ. కారణం తరవాత చెబుతాను.

ఇదంతా రంగు డబ్బాల దగ్గర మొదలైంది

కాసిమిర్ శూన్యం గురించి ఆలోచిస్తూ ఈ ఫలితానికి రాలేదు. ఆయన అప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధనశాలలో ఉన్నారు. అక్కడే కొల్లాయిడ్ల మీద, అంటే రంగుల్లో, సిరాల్లోలా ద్రవంలో తేలే సూక్ష్మ కణాల మీద, వెర్వే, ఓవర్‌బీక్ అనే శాస్త్రవేత్తలు పని చేస్తున్నారు. కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కడతాయా లేదా అన్నది వాటి మధ్య ఆకర్షణ మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఆకర్షణ మీకు తెలిసిన వాన్ డర్ వాల్స్ బలమే. తటస్థ పరమాణువుల మధ్య కూడా అది ఎందుకు ఉంటుందో 1930లో లండన్ అనే శాస్త్రవేత్త వివరించాడు. (ఇది మనిషి పేరు, ఊరు కాదు.) పరమాణువులో ఎలక్ట్రాన్ల ఒడుదొడుకులవల్ల తాత్కాలిక ద్విధ్రువం ఏర్పడుతుంది, అది పక్క పరమాణువులో ద్విధ్రువాన్ని ప్రేరేపిస్తుంది, రెండూ ఆకర్షించుకుంటాయి. స్థితిజశక్తి దూరం ఆరో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. మీ ఇంటి గోడ మీద బల్లి నిలబడగలగడం వెనక ఉన్నది కూడా ప్రధానంగా ఈ బలమేనని, పెద్ద జాతి బల్లుల పాదాల మీద జరిపిన ప్రయోగాలు చూపాయి.

ఓవర్‌బీక్‌కు ఎదురైన ఇబ్బంది ఏమిటంటే, కొలతలను బట్టి చూస్తే దూరాలు పెరిగేకొద్దీ ఆకర్షణ లండన్ సూత్రం చెప్పినదానికన్నా త్వరగా తగ్గిపోతోంది. సమాచారం ఒక పరమాణువు నుంచి మరొకదానికి చేరడానికి కాలం పడుతుంది కదా, దాన్ని లెక్కలోకి తీసుకోలేదేమో అని ఆయనే సూచించారు. చూడండి: 100 నానోమీటర్ల దూరం వెళ్లి తిరిగి రావడానికి కాంతికి సుమారు 6.7 × 10⁻¹⁶ సెకన్లు పడుతుంది. అది పరమాణువులో ఎలక్ట్రాన్ల కంపన కాలంతో పోల్చదగినదే. పక్కవాడి జవాబు తిరిగి వచ్చేసరికి మొదటి ద్విధ్రువం దిశ మార్చుకుని ఉంటుంది. తాళం తప్పిన భజనలా పొంతన కుదరదు. కాసిమిర్, పోల్డర్ కలిసి 1948లో ఈ లెక్క పూర్తి చేశారు. దూరం ఎక్కువైనప్పుడు స్థితిజశక్తి ఏడో ఘాతానికి విలోమంగా మారుతుందని తేలింది.

లెక్క చాలా పెద్దది, జవాబు మాత్రం ఆశ్చర్యపోయేంత సరళం. ఇంత సరళమైన జవాబుకు ఇంకా సూటి దారి ఉండాలని కాసిమిర్‌కు అనిపించింది. ఈ సంగతి నీల్స్ బోర్‌తో అంటే, దీనికీ శూన్యబిందు శక్తికీ సంబంధం ఉండి ఉంటుందని బోర్ గొణిగారట. ఆ సూచన పట్టుకుని కాసిమిర్ పలకల సమస్య సాధించి, మూడు పుటల వ్యాసంగా ప్రచురించారు. కాబట్టి వాన్ డర్ వాల్స్ బలం, కాసిమిర్ బలం వేరువేరు బలాలని రాసే పుస్తకాలను సరిదిద్దుకుని చదవండి. దగ్గరలో ఒక రూపం, దూరంలో ఇంకొక రూపం, అంతే.

కొలవడం ఎందుకంత కష్టం?

ఒక చదరపు సెంటీమీటరు పలకలు, ఒక మైక్రోమీటరు దూరం అనుకుంటే బలం 1.3 × 10⁻⁷ న్యూటన్లు. అంటే 13 మైక్రోగ్రాముల బరువు. ఇంత చిన్న బలాన్ని కొలవడం ఒక్కటే కష్టం కాదు. పలకలు సెంటీమీటరు పొడవునా మైక్రోమీటరులో చిన్న భాగం కూడా తేడా రాకుండా సమాంతరంగా ఉండాలి. మధ్యలో ఒక్క దుమ్ము రేణువు పడితే ప్రయోగం ఆగిపోయినట్టే. అన్నిటికన్నా మొండి శత్రువు స్థిర విద్యుత్తు. ఒక మైక్రోమీటరు దూరంలో పలకల మధ్య 17 మిల్లీవోల్టుల పొటెన్షియల్ తేడా ఉంటే చాలు, దానివల్ల వచ్చే ఆకర్షణ కాసిమిర్ బలానికి సమానమైపోతుంది. రెండు వేరువేరు లోహాలు తాకితేనే ఇంతకు ఎన్నో రెట్లు తేడా వస్తుంది. (స్థిర విద్యుత్ పీడన సూత్రంతో ఈ 17 మిల్లీవోల్టులు మీరే రాబట్టండి. మంచి అభ్యాసం.)

1958లో అదే ఫిలిప్స్ పరిశోధనశాలలో స్పార్నే ఈ ప్రయోగం చేశారు. దోషాలు దాదాపు ఫలితమంత ఉన్నాయి. తన కొలతలు కాసిమిర్ సిద్ధాంతానికి విరుద్ధంగా లేవని మాత్రమే ఆయన చెప్పగలిగారు. ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పుకోని ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం.

తరవాత సుమారు నలభై ఏళ్లకు, 1997లో అమెరికాలో స్టీవ్ లామొరో ఒక పలకకు బదులు గోళాకార కటకం వాడారు. గోళానికి పలకతో సమాంతరంగా ఉండాల్సిన అవసరమే లేదు. అతి దగ్గరగా ఉన్న బిందువు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. గోళం, పలకల మధ్య బలాన్ని పలకల సూత్రం నుంచి రాబట్టే పద్ధతి కూడా ముందే ఉంది. విమోటన లోలకంతో, 0.6 నుంచి 6 మైక్రోమీటర్ల దూరాల్లో ఆయన చేసిన కొలతలు సిద్ధాంతంతో 5 శాతం లోపు సరిపోయాయి. మరుసటి ఏడే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు రివర్‌సైడ్ ప్రాంగణంలో ఉమర్ మొహిదీన్, అనుశ్రీ రాయ్ పరమాణు బల సూక్ష్మదర్శిని కొసకు, అల్యూమినియం పూత పూసిన సుమారు 200 మైక్రోమీటర్ల వ్యాసం గల గోళాన్ని అతికించి, 100 నుంచి 900 నానోమీటర్ల దూరాల్లో ఒక శాతం స్థాయి కొలతలు చేశారు. కాసిమిర్ అసలు చెప్పిన సమాంతర పలకల అమరికను 2002లో ఇటలీలో బ్రెస్సి బృందం కొలిచింది. అక్కడ మాత్రం ఖచ్చితత్వం 15 శాతమే. సమాంతరత ఎంత పట్టుదల గల సమస్యో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆకర్షణ వికర్షణగా మారడం

నిజమైన లోహం పరిపూర్ణ వాహకం కాదు అన్నాను. బంగారం దృశ్యకాంతిని బాగా పరావర్తనం చెందిస్తుంది కాని, అతినీలలోహిత ప్రాంతంలో ఆ శక్తి కోల్పోతుంది. పలకలు 100 నానోమీటర్లకన్నా దగ్గరైతే సరిగ్గా ఆ ప్రాంతపు తరంగాలే ముఖ్యమవుతాయి, అందుకే బలం తగ్గుతుంది. ఏ పదార్థానికైనా వర్తించే సిద్ధాంతాన్ని 1950లలో సోవియట్ శాస్త్రవేత్త లిఫ్షిట్జ్ ఇచ్చారు. అందులో పదార్థం గురించి తెలియాల్సింది ఒక్కటే: వేరువేరు పౌనఃపున్యాల దగ్గర దాని రోధక స్థిరాంకం ఎంత అని. 1961లో జ్యాలోషిన్‌స్కీ, పితయెవ్‌స్కీలతో కలిసి ఆయన దీన్ని ఇంకా విస్తరించారు. రెండు వస్తువుల మధ్య శూన్యం బదులు ద్రవం ఉంటే ఏమవుతుంది?

ద్రవం రోధక స్థిరాంకం రెండు వస్తువుల విలువలకు మధ్యలో ఉంటే బలం వికర్షణ అవుతుంది. వింతగా ఉంది కదూ! నీళ్లలో ముంచిన చెక్కను తలచుకోండి. భూమి చెక్కనూ ఆకర్షిస్తుంది, నీళ్లనూ ఆకర్షిస్తుంది. నీళ్లను ఎక్కువగా ఆకర్షిస్తుంది కాబట్టి నీళ్లు కిందికి చేరి చెక్క పైకి లేస్తుంది. అలాగే ఇక్కడ మొదటి వస్తువు రెండో వస్తువుకన్నా ద్రవాన్ని ఎక్కువగా ఆకర్షిస్తుంది; ద్రవం మధ్యలోకి చొరబడి రెండో వస్తువును దూరంగా నెడుతుంది. 2009లో మండే, కపాసో, పార్సీజియన్ బ్రోమోబెంజీన్ ద్రవంలో బంగారు పూత గల గోళానికీ, సిలికా పలకకూ మధ్య ఈ వికర్షణను కొలిచి చూపారు.

"బయట తరంగాలు ఎక్కువ, లోపల తక్కువ, కాబట్టి బయటివి నెడతాయి" అని కొన్ని పుస్తకాల్లో బొమ్మ వేసి ఉంటుంది. పలకల విషయంలో ఆ బొమ్మ సరైన దిశ చూపిస్తుంది. బ్రోమోబెంజీన్ దగ్గర అది చేతులెత్తేస్తుంది. పరీక్షలో బొమ్మ వేయండి, కాని దాన్నే కారణంగా రాయకండి.

మీ ఫోను అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది. అందుకు కారణం లోపల సిలికాన్‌తో చేసిన, కదిలే సూక్ష్మ యంత్రం. ఇలాంటి యంత్రాల్లో కదిలే భాగాల మధ్య ఎడం మైక్రోమీటర్లలో ఉంటుంది. ఎడం ఇంకా తగ్గిస్తూ పోతే ఒక దశలో కాసిమిర్ ఆకర్షణ, భాగాన్ని వెనక్కి లాగే స్ప్రింగు బలాన్ని మించిపోతుంది. స్ప్రింగు బలం దూరంతో సరళంగా పెరుగుతుంది, దీనిది నాలుగో ఘాతం. గెలుపు ఎవరిదో చెప్పనక్కరలేదు. భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. (తయారీలో మిగిలిన తేమ వల్ల కూడా అతుక్కుంటాయి. అన్నిటికీ కాసిమిర్‌నే నిందించకూడదు.) 2001లో బెల్ పరిశోధనశాలల్లో ఇదే బలంతో, ఊయల బల్లలా అటూ ఇటూ వాలే ఒక సూక్ష్మ సిలికాన్ ఫలకాన్ని తిప్పి చూపించారు.

మళ్లీ ఆ విద్యార్థి ప్రశ్నకు

ముందు ఒక చిన్న వివాదం. కాసిమిర్ బలాన్ని కొలిచారు కాబట్టి శూన్యంలో శక్తి నిండి ఉందని రుజువైనట్టేనా? చాలామంది అవుననే రాస్తారు. నేను ఒప్పుకోను. కాలిక్యులేటరుతో మీరు చేసిన లెక్కలో ఖాళీ ప్రదేశపు శక్తి మొత్తం తీసివేతలో కొట్టుకుపోయింది, గుర్తుందా? మిగిలింది పలకల వల్ల వచ్చిన మార్పు మాత్రమే. 2005లో రాబర్ట్ జాఫీ ఇంకో సంగతి గుర్తుచేశారు. కాసిమిర్ సూత్రంలో ఎలక్ట్రాన్ ఆవేశం కనిపించదు కాబట్టి అది పదార్థంతో సంబంధం లేని, కేవలం శూన్యపు ధర్మం అనిపిస్తుంది. కాని ఎలక్ట్రాన్ ఆవేశమే సున్న అయితే లోహం కాంతిని పరావర్తనం చెందించదు, పలక అద్దం కాదు, బలం ఉండదు. పరిపూర్ణ వాహకం అన్న ఊహలోనే ఆవేశం దాగి ఉంది. లిఫ్షిట్జ్ పద్ధతిలో ఇదే బలాన్ని పలకల్లోని ఆవేశాల ఒడుదొడుకుల నుంచి, శూన్యబిందు శక్తి ప్రస్తావన లేకుండానే రాబట్టవచ్చు. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే. ఏ దారి అసలైనదన్న వాదన ఇంకా సాగుతోంది. నాకు మాత్రం ఆవేశాలను మరిచిపోనివ్వని దారే మేలనిపిస్తుంది.

ఇక కరెంటు మాట. కాసిమిర్ బలం పలకల మధ్య దూరం మీద మాత్రమే ఆధారపడుతుంది. అంటే ఇది నిత్యత్వ బలం. పలకలు దగ్గరికి వచ్చేటప్పుడు పని చేస్తాయి, నిజమే. ఆ పనిని వాడుకోవచ్చు కూడా. కాని రెండోసారి వాడుకోవాలంటే వాటిని మళ్లీ దూరం చేయాలి, అందుకు సరిగ్గా అంత పనీ మీరే చేయాలి. మిద్దె మీది ట్యాంకులోని నీళ్లు దిగేటప్పుడు చక్రం తిప్పుతాయి. నీళ్లు మళ్లీ ట్యాంకులోకి ఎక్కించే మోటారు బిల్లు మీదే. పైగా ఒక్కసారికి వచ్చేదెంతో లెక్క వేయండి. చదరపు సెంటీమీటరు పలకలు దూరం నుంచి 10 నానోమీటర్ల వరకు దగ్గరైతే, పరిపూర్ణ వాహకాల సూత్రం ప్రకారం కూడా వచ్చే శక్తి సుమారు 4.3 × 10⁻⁸ జౌళ్లు. రెండు మిల్లీగ్రాముల దోమను రెండు మిల్లీమీటర్ల ఎత్తుకు లేపడానికి సరిపోతుంది.

బలం నిత్యత్వ బలం కాకుండా చేస్తేనో అని అతను అడిగి ఉండేవాడేమో. అద్దాన్ని కాంతివేగంతో పోల్చదగిన వేగంతో అటూ ఇటూ కదిపితే శూన్యంలోంచి నిజంగానే ఫోటాన్లు వస్తాయి. లోహపు పలకను అంత వేగంగా ఎవరూ కదపలేరు. అందుకని 2011లో స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో ఒక అతివాహక వలయంలో, అద్దం కదిలినట్టే ప్రవర్తించే విద్యుత్ అమరిక చేసి, దాన్ని సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు కదిపారు. సూక్ష్మతరంగ ఫోటాన్లు జంటలు జంటలుగా వచ్చాయి. వాటి శక్తి శూన్యం ఇచ్చింది కాదు, ఆ వలయాన్ని కదిపిన విద్యుత్ మూలం నుంచి ఖర్చయింది.